చర్మపు బిగువు, దాని కొలత



చర్మమును మనము దేహమునకు కప్పిన వస్త్రమని తలంతుము. కాని వస్త్రమునకు లేని గుణ మొకటి దీనికి కలదు. లాగిన సాగును, విడిచిన తనంతట తానే స్వస్థానమునకు మరలును. ఈ గుణమును కొలిచిన విధమును నేడు మనవి చేసెదను.

తోలు కుట్టెడు ఆరవంటి గుండ్రని మొనతో తన్ను పొడుచుకొనిన యొకని గాయములు గుండ్రముగా నుండక చీలికలవలె నుండెనని డూప్యుట్రెన్ అను ఫ్రెంచి శస్త్రవైద్యుడు 1834లో వ్రాసెను. పిమ్మట 1861లో వియన్నా నగరమున లాంగర్ అను శారీరశాస్త్రజ్ఞుడు మృతదేహముల చర్మముపై గుండ్రని మొనతో వరుసగా పొడిచి చూచెను. రంధ్రములు కోలగా సాగినవి. ఆ కోలల ననుసరించి ఆయన దేహమంతట గీతలు గీచెను. చర్మము మద్దెల మూతవలె సదా బిగిసియుండును. అయితే మద్దెలకు బిగువు అన్ని దిక్కుల సమముగా నుండవలెను, చర్మమున కట్లు లేదు. బిగువు నెరిగి, దాని వెంబడిని కోసిన గాయము తక్కువగా నోరు తెరచును, మచ్చయు సన్నగా మానును. శస్త్రవైద్యులకు ఇది మిక్కిలి యుపకరించినది.

ఇప్పుడు సజీవచర్మమును కొలుచు యంత్రములు కలవు. ఒకదానియందు రెండు మిల్లీమీటర్ల రంధ్రముగల గొట్టమును చర్మముపై నుంచి గాలిని లాగుదురు. చర్మము పొంగును. ఎంత పొంగినదో, విడిచిన పిమ్మట ఎంత మరలినదో వెలుతురు సాయమున కొలుతురు. పొంగుటను అరికట్టునది కొల్లాజెన్ అను త్రాళ్లవంటి పదార్థము, మరలించునది ఎలాస్టిన్. వయస్సు చేతను, ఎండ చేతను ఎలాస్టిన్ చెడును. నా ముంజేతి తోలును గిల్లినచో మడత కొంతసేపు నిలిచి, తీరికగా దిగును. అరువది దాటినవాడను, దానికి నేను చింతింపను.

పసిబిడ్డ విషయ మట్లు కాదు. విరేచనములగు బిడ్డకు, బొడ్డునకును ప్రక్కకును నడుమ, పొట్టమీది తోలును బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను నిలువుగా మడిచి, ఒక్క క్షణము పట్టి విడువుడు. గోరు తగులరాదు. మడత వెంటనే పోవలెను. రెండు సెకనులు దాటియు నిలిచినచో నీరు మిక్కిలి తరిగినదని అనుమానింపవలెను. మిక్కిలి చిక్కిన బిడ్డకు నీరు తరుగకున్నను మడత నిలువవచ్చును. బొద్దుబిడ్డకు తరిగినను పోవచ్చును. కావున కన్నులు లోతుకు పోవుట, మగతగా నుండుట, త్రాగలేకుండుట కూడ చూడవలెను. ఇవి కనబడినచో వైద్యశాలకు కొనిపోవుటలో ఆలస్యము కూడదు. బిడ్డ త్రాగగలిగినచో దారి పొడుగున ఓ.ఆర్.ఎస్. పొట్లము కలిపిన నీటిని కొంచెము కొంచెముగా త్రాగించుచు, తల్లిపాలను మానకుండ ఇచ్చుచుండవలెను.