పాటకూ పాటకూ మధ్య పట్టాలు



ఇది సంగీతం నేర్పే పాఠం కాదు, వినడం గురించిన పాఠం. ఇంకా చెప్పాలంటే, మనకు నచ్చిన పాటను మరొకరి చెవిదాకా చేర్చడం గురించిన పాఠం. "ఈ పాట విను, చాలా బాగుంటుంది" అని స్నేహితుడికి చెబుతాం. అతను అర నిమిషం విని "నాకు ఎక్కలేదు" అంటాడు. హిప్‌హాప్ వినేవాడికి జాజ్ నిద్ర తెప్పిస్తుంది. జాజ్ ఇష్టపడేవాడికి ఎలక్ట్రానిక్ సంగీతం మరమగ్గాల మోతలా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకు మూడూ ఒకటే గోల. లోపం పాటలో ఉందా, వినేవాడి చెవిలో ఉందా, మనం అందించిన తీరులో ఉందా? చాలాసార్లు మూడోదే అసలు కారణమని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం. ఉదాహరణ కోసం ఒక ఊరిని తీసుకుందాం. అది ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి.

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955లో భారతదేశానికీ సోవియట్ యూనియన్‌కూ ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ పనికోసం దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు కూడా అక్కడ స్థిరపడ్డాయి. కర్మాగారం కట్టించిన సెక్టార్లలో క్వార్టర్లు పక్కపక్కనే ఉంటాయి. ఒక గోడకు ఇటు తెలుగు, అటు బెంగాలీ, పైఅంతస్తులో మలయాళం, వీధి చివర ఛత్తీస్‌గఢీ. పక్కింటి పాట వద్దన్నా వినిపించే ఊరు అది. అలాంటి చోట ఒకరి పాట ఒకరు వినగలగడం సరదా మాత్రమే కాదు, ఇరుగుపొరుగుగా బతకడానికి కావలసిన నేర్పు.

ఆ ప్రాంతానికి పాటలు పంచుకోవడంలో ఇంకో చరిత్ర ఉంది. 1957లో ఆకాశవాణి వివిధ భారతి మొదలైంది. శ్రోతలు కార్డు రాసి కోరుకున్న పాటలు వేసే కార్యక్రమాల్లో కొన్ని చిన్న ఊళ్ల పేర్లు మళ్లీ మళ్లీ వినిపించేవి. వాటిలో ఒకటి నేటి జార్ఖండ్‌లోని ఝుమ్రీ తిలైయా. ఇంకొకటి నేటి ఛత్తీస్‌గఢ్‌లోని భాటాపారా. ఆలోచించండి. కోరినవాడికి ఆ పాట కొత్త కాదు, ముందే వచ్చు. మరి కార్డు ఎందుకు రాశాడు? ఊరూ పేరూ తెలియని లక్షలమందికి "మీరూ వినండి" అని చెప్పడానికి. అనౌన్సరు కూడా పాట ఒక్కటీ వేసి ఊరుకునేవారు కాదు. సినిమా పేరు, పాడినవారు, రాసినవారు, స్వరపరచినవారు, అన్నీ చెప్పేవారు. ఈ అలవాటును గుర్తుపెట్టుకోండి. దీనితో తరువాత పని ఉంది.

ఇప్పుడు విజ్ఞానశాస్త్రం వైపు వద్దాం. తెలిసిన సంగీతం నుంచి తెలియని సంగీతానికి వెళ్లాలంటే రెండింటిలోనూ ఉన్న ఒక అంశం కావాలి. అది లయ కావచ్చు, నాదం కావచ్చు, పాట కట్టుబడి కావచ్చు. ముందుగా లయను తీసుకుందాం. దానికి భిలాయిలో తయారయ్యే వస్తువే చాలు. అదే రైలు పట్టా. అక్కడి రైల్ మిల్లు 1960 నుంచి పట్టాలు తయారుచేస్తోంది.

మన దేశంలో బ్రాడ్‌గేజ్ పట్టా ముక్క పొడవు చాలాకాలం 13 మీటర్లు. ముక్కకూ ముక్కకూ మధ్య కొద్ది సందు వదిలేవారు. ఎందుకు? ఉక్కు వేడికి సాగుతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే 13 మీటర్ల పట్టా సుమారు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ సందు మీదుగా చక్రం దాటినప్పుడల్లా ఒక దెబ్బ వినిపిస్తుంది. ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. పుస్తకంలో మీరూ వేసి చూడండి. రైలు గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతే నిమిషానికి సుమారు 1,167 మీటర్లు నడుస్తుంది. దాన్ని 13తో భాగిస్తే దాదాపు 90. అంటే ఒక చక్రం నిమిషానికి 90 దెబ్బలు వేస్తుంది. ఎన్నో హిప్‌హాప్ పాటల నడక ఈ 90 చుట్టుపక్కలే ఉంటుంది. వేగం 100 కిలోమీటర్లకు పెరిగితే లెక్క 128కి చేరుతుంది. హౌస్ అనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతానికి ఇది బాగా అలవాటైన నడక.

మరి జాజ్? రైలుపెట్టె కింద ఇరుసులు జంటలుగా ఉంటాయి. అందుకే మనకు విడివిడి దెబ్బలు కాకుండా జంట దెబ్బలు, వాటి మధ్య ఎడం వినిపిస్తాయి. జాజ్‌లో స్వింగ్ అనే నడక కూడా సమానంగా ఉండదు. ఒక మాత్రను రెండు సగాలు చేస్తే మొదటిది పొడుగు, రెండోది పొట్టి. నడక వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. ఈసారి జాజ్ విన్నప్పుడు బాకా వాయించేవారిని కాసేపు వదిలి, తాళం పళ్లెం మీద పడే పుల్ల చప్పుడునే వినండి. ఈ పొడుగు పొట్టి నడక మీకే దొరుకుతుంది.

ఇది నేను కల్పించిన పోలిక అనుకోకండి. సంగీతకారులు రైలును నిజంగానే చెవులు రిక్కించి విన్నారు. 1933లో డ్యూక్ ఎలింగ్టన్ 'డేబ్రేక్ ఎక్స్‌ప్రెస్' రికార్డు చేశారు. స్టేషను వదిలి వేగం అందుకునే రైలును ఆయన జాజ్ బృందం బాకాలతో, డ్రమ్ములతో వినిపించింది. 1948లో ఫ్రాన్స్‌లో పియరీ షఫేర్ అనే రేడియో ఇంజనీరు మరో అడుగు వేశారు. పారిస్ బాటిన్యోల్ స్టేషనులో రైళ్ల శబ్దాలనే రికార్డు చేసి, ఆ ముక్కలను మళ్లీ మళ్లీ తిప్పుతూ ఒక రచన కూర్చారు. రికార్డయిన శబ్దమే వాద్యమయింది. 1977లో జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం 'ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్' ఆల్బమ్ తెచ్చింది. అందులో రైలు నడకను ఎలక్ట్రానిక్ వాద్యాలతో కల్పించారు. 1982లో న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా బృందం అదే బాణీని తీసుకుని, రోలాండ్ టీఆర్-808 అనే తాళయంత్రాన్ని జోడించి 'ప్లానెట్ రాక్' చేసింది. అది హిప్‌హాప్ చరిత్రలో పేరున్న పాట. జర్మన్ ఎలక్ట్రానిక్ పట్టా మీద అమెరికన్ హిప్‌హాప్ బండి నడిచిందన్నమాట. ఒకరి రికార్డు మరొకరి చేతికి అందకపోతే ఇది జరిగేదే కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. జీవశాస్త్రంలో మీరు చదివే ఉంటారు. పావురానికీ సీతాకోకచిలుకకూ రెక్కలున్నాయి. అంతమాత్రాన అవి ఒకే పూర్వీకుడి రెక్క నుంచి రాలేదు. పోలిక వేరు, వారసత్వం వేరు. క్రాఫ్ట్‌వెర్క్ నుంచి బంబాటాకు వచ్చింది వారసత్వం. ఇప్పుడు చెప్పబోయేది పోలిక.

భిలాయి దగ్గరి గనియారీలో పుట్టిన తీజన్ బాయి పాండవానీ గాయని. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేశారు. 1987లో పద్మశ్రీ, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. చేతిలో తంబురా పట్టి, భారతకథను కాసేపు పాడుతూ, కాసేపు మాటల్లో చెబుతూ, అభినయిస్తూ సాగేవారు. పక్కన రాగీ అనే సహగాయకుడు ఊ కొడుతూ, ప్రశ్నలు వేస్తూ కథను ముందుకు తోసేవాడు. మన బుర్రకథ విన్నవారికి ఇది పరాయిగా తోస్తుందా? అక్కడా తంబురా ఉంది, కథకుడున్నాడు, వంతలున్నారు. 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ కథ విన్న తెలుగు అమ్మమ్మకు భిలాయిలో పాండవానీని ఎలా పరిచయం చేస్తారు? "ఇది గొప్ప జానపద కళ" అంటే ఆవిడ తల ఊపి ఊరుకుంటుంది. "అమ్మమ్మా, వంత ఎక్కడ అందుకుంటున్నాడో చూడు" అంటే చెవి అటు పెడుతుంది. జాజ్‌లో ఒక వాద్యం అడిగితే మరొకటి బదులిస్తుంది. హిప్‌హాప్ వేదిక మీద ఒకరు పదం విసిరితే పక్కవారు దాన్ని అందుకుంటారు. పిలుపూ బదులూ అనే ఈ ఒక్క కట్టుబడి పట్టుకుని చాలా దూరం ప్రయాణం చేయవచ్చు.

మరో రెండు దారులు చెబుతాను. ఇంట్లో తాతగారికి పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ అంటే ఇష్టమా? ఆయన జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించారు. తాతగారికి తెలిసిన చెయ్యి పట్టుకుని జాజ్ ఇంటి గుమ్మందాకా వెళ్లవచ్చు. రాగాలంటే ఇష్టమా? 1982లో బొంబాయి సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ పది రాగాలను సింథసైజర్ల మీద, యంత్రతాళంతో వాయించి ఒక రికార్డు చేశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతటా ఎలక్ట్రానిక్ సంగీతాభిమానులు ఒకరికొకరు చెప్పుకుని విన్నారు. వినండి అని చెప్పేవాళ్లు లేకపోతే పాట ఇరవై ఎనిమిదేళ్లు మూలన పడి ఉండగలదు. అందుకే చెప్పడం చిన్న పని కాదంటున్నాను.

ఇప్పుడు అనౌన్సరు చెప్పే పేర్ల దగ్గరికి వద్దాం. 1969లో అమెరికాలో ద విన్‌స్టన్స్ బృందం 'ఆమెన్, బ్రదర్' అనే పాట విడుదల చేసింది. అందులో గ్రెగరీ కోల్మన్ దాదాపు 7 సెకన్లపాటు ఒంటరిగా డ్రమ్ములు వాయించారు. ఆ 7 సెకన్లను హిప్‌హాప్ వారు కత్తిరించి వాడుకున్నారు. ఇంగ్లండ్‌లో జంగిల్ అనే ఎలక్ట్రానిక్ సంగీతం చాలావరకు దాని మీదే నిలబడింది. వేల పాటల్లో అది మోగింది. కోల్మన్‌కు దానిమీద రాయల్టీ ఏమీ రాలేదు. 2006లో ఆయన కడు పేదరికంలో మరణించారు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి, బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు సుమారు 24,000 పౌండ్లు అందించారు. కోల్మన్‌కు మాత్రం అప్పటికే ఆలస్యమైపోయింది. పాట చేతులు మారుతూ పోయింది, పేరు దారిలో ఎక్కడో జారిపోయింది. కాబట్టి పాటను పంచినప్పుడు పేరునూ పంచండి.

"ఇంత శ్రమ ఎందుకండీ, ఫోనే తరువాతి పాట చెబుతుంది కదా" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. ఆ యంత్రం పనిచేసే పద్ధతుల్లో ఒకటి ఇది. సీతకు నచ్చిన పది పాటల్లో తొమ్మిది రహీముకూ నచ్చాయనుకోండి. సీతకు నచ్చిన ఆ పదో పాటను రహీముకు చూపిస్తుంది. ఇది తెలివైన లెక్కే, చాలాసార్లు ఫలిస్తుంది కూడా. అయితే ఎవరు ఏది విన్నారో దానికి తెలిసినంతగా, నీకు ఆ పాట ఎందుకు ముఖ్యమో తెలియదు. అలవాటైన దానికి దగ్గరి పాటలనే అది ఎక్కువగా తెచ్చిపెడుతుంది. గోడ అవతలి పాటను నీకు వినిపించాలన్న పట్టుదల దానికి ఉండదు. ఆ పట్టుదల పొరుగువాడికి ఉంటుంది, స్నేహితుడికి ఉంటుంది.

భిలాయిలో ఇప్పుడు 130 మీటర్ల పట్టాలు తయారవుతున్నాయి. వాటిని అతికి 260 మీటర్లు చేసి పంపుతారు. అతుకులు తగ్గాయి, ప్రయాణం సుఖమైంది, పాత దెబ్బల లయ చాలాచోట్ల వినిపించడం మానేసింది. పట్టాకు అది మంచిదే. వినడంలో మాత్రం అతుకు తెలియాలి. ఒక సంగీతం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతోందో, రెండింటినీ ఏది కలుపుతోందో తెలిసినప్పుడే కొత్త ఊరు చేరినట్టు అవుతుంది.

ఈ వారం మీకు ఒక పని ఇస్తున్నాను. మీ ఇష్టానికి దూరంగా ఉండే ఒక మనిషిని ఎంచుకోండి. ముందు ఆ మనిషికి నచ్చిన పాటను అడిగి, పూర్తిగా వినండి. దానికీ మీ పాటకూ ఉమ్మడిగా ఉన్న ఒక్క అంశాన్ని కాగితం మీద రాయండి. ఆ తరువాత మీ పాట ఇస్తూ మూడు మాటలు చెప్పండి: ఏ నిమిషం దగ్గర వినాలి, అక్కడ ఏం వినాలి, వాయించినది ఎవరు. "బాగుంటుంది" అన్న మాట వాడకండి. బాగుందో లేదో విన్నవారే చెబుతారు. నచ్చలేదంటే కోపం తెచ్చుకోకండి, ఎక్కడ నచ్చలేదో అడగండి. తరువాతి పాటకు దారి ఆ జవాబులోనే దొరుకుతుంది.