మిల్లు కంప్యూటర్, గుంటూరు అకౌంటెంటు

ప్రత్తిపాడులో ఒక జిన్నింగ్ మిల్లు. ట్యాలీలో లెక్క తేడా వచ్చింది. అకౌంటెంటేమో గుంటూరులో. ఆయన బస్సెక్కక్కర్లేదు, అక్కడినుంచే మిల్లు కంప్యూటర్ తెరవచ్చు. మరి ఏ సాఫ్ట్‌వేర్‌తో?

విండోస్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ ఉంది కదా అంటారు. నిజమే, కానీ మిల్లు కంప్యూటర్‌లో ఉన్నది హోమ్ ఎడిషన్ అయితే దాంతో లోపలికి వెళ్లలేం, ప్రో ఉండాలి. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ ఉచితమే, సొంత వాడకం వరకు. వ్యాపారానికైతే లైసెన్సు కొనాలి. ఈ షరతు చదివేవాళ్లు తక్కువ! రస్ట్‌డెస్క్ ఓపెన్ సోర్స్. సర్వర్ కూడా మనమే పెట్టుకోవచ్చు గానీ, దాన్ని చూసుకునే మనిషి కావాలి. చిన్న కొట్టుకు అంత హంగు దండగనే అంటాను. గూగుల్ ఖాతా ఉంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ సరిపోతుంది, పిన్ మాత్రం గట్టిగా పెట్టుకోండి.

ధర కన్నా ముందు భద్రత చూడాలి. మోసగాళ్లు ఫోన్లలో ఎనీడెస్క్ వేయించి, తెరమీద కనిపించే తొమ్మిదంకెల కోడ్ చెప్పించుకుని, యూపీఐ ద్వారా డబ్బు లాగేస్తున్నారని 2019లోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. బ్యాంకు పేరు చెప్పి ఎవరైనా ఇలాంటి యాప్ వేసుకోమంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయిందా, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.