ఇస్తాంబుల్ ఒడంబడిక

దౌత్యమనగా యుద్ధము, సంధి, వర్తకము, సరిహద్దు తగవులు - ఇవియే మనకు స్ఫురించును. మగడు భార్యను కొట్టుట రాయబారుల పనియా యని అడుగువారు నేటికిని కలరు. వారికి ముందుగా టర్కీ దేశపు వ్యాజ్యము నొకదానిని చెప్పవలసియున్నది.

ఆ దేశమున ఆగ్నేయదిశను దియార్‌బకిర్ అను పట్టణము కలదు. అచట ఒక ఇల్లాలిని భర్త ఏండ్ల తరబడి హింసించెను. ఆమెయు, ఆమె తల్లియు పలుమారులు ఫిర్యాదు చేసిరి. బెదిరింపులకు జడిసి విరమించుకొనిరి. విరమించుకొన్నంతనే అధికారులును ఊరకుండిరి. 2001లో అతడామెను ఏడు పోట్లు పొడిచెను. న్యాయస్థానము విధించినది జుల్మానా. అదియు ఎనిమిది వాయిదాలలో చెల్లింపవచ్చునట! మరుసటి యేట, మకాము మార్చుచున్న తల్లిని అతడు త్రోవలో కాల్చి చంపెను.

2009 జూన్ 9న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానము, ఆ ప్రాణమును కాపాడని దోషము రాజ్యముదే యని తీర్పు చెప్పెను. అట్టి ఉపేక్ష స్త్రీలయెడ వివక్షయే యనియు నిర్ణయించెను. గడపలోపలి సంగతి యను సాకు అంతటితో చెల్లకపోయెను.

ఐరోపా మండలి రాజ్యముల ప్రతినిధులు సమకూర్చిన ఒడంబడిక 2011 మే 11న ఇస్తాంబుల్‌లో సంతకములకు వచ్చెను. ఆచారము, మతము, పరువు - వీనిలో ఏదియు హింసకు సమర్థన కానేరదని అందు కలదు. ఆశ్రయగృహములు, రేయింబవళ్లు పలుకు టెలిఫోను ఉండవలెను. నిపుణుల సంఘమొకటి ఆయా దేశముల తీరును పరిశీలించి నివేదికలు ప్రకటించును. అన్నిటికన్న నాకు ముఖ్యముగా తోచునది వేరొకటి: బాధితురాలు ఫిర్యాదును వెనుకకు తీసికొన్నను విచారణ సాగవచ్చును. దియార్‌బకిర్ కథ విన్నవారికి దీని విలువ విప్పి చెప్పనక్కరలేదు.

2012లో మొట్టమొదట దీనిని ధ్రువీకరించినది టర్కీయే. 2014 ఆగస్టు 1న ఒడంబడిక అమలులోనికి వచ్చెను. కాని 2021 మార్చిలో, కుటుంబ విలువలకు భంగమను వాదముతో, అధ్యక్షుని ఉత్తరువు నొక్కదానితో టర్కీయే వైదొలగెను. స్త్రీలు వీధులలోనికి వచ్చి నిరసించిరి, ఫలము లేకపోయెను. ఇస్తాంబుల్ పేరు మాత్రము ఒడంబడికకు నిలిచిపోయినది.

2022లో, యుద్ధము నడుమ, యుక్రెయిన్ దీనిని ధ్రువీకరించెను; 2023లో ఐరోపా సమాఖ్య చేరెను. ఇక టర్కీ మాట. 2012లో అచ్చటి శాసనసభ కుటుంబరక్షణకై చేసిన 6284వ నంబరు చట్టము రద్దు కాలేదు. ఒడంబడిక పోయినను, దెబ్బతిన్న స్త్రీ రక్షణకై అచ్చటి న్యాయమూర్తి నడుగుట ఆ చట్టము క్రిందనే.