హద్దురాళ్లు, ఆశలు: జార్జియా దేశపు వృత్తాంతము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున దూరదేశపు ముచ్చట యేల యని కొందఱు తలంపవచ్చును. గ్రామపు లెక్కలు వ్రాయుచు వయస్సు గడపిన నాకు హద్దు తగవన్నచో అది యెచ్చటిదైనను మనస్సు నిలుచును. ఈ గదిలోని పత్రికలవలన నాకు తెలియవచ్చినదానిని మనవి చేయుచున్నాను.

నల్లసముద్రమునకు తూర్పున, కాకసస్ పర్వతములకు దక్షిణమున నున్న చిన్న దేశము జార్జియా. వైశాల్యము సుమారు 69,700 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య నలువది లక్షలకు లోపు. సోవియట్ యూనియన్‌లో భాగమై యుండి 1991 ఏప్రిల్ 9వ తేదీన స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. అంతలోనే ఇంట చిచ్చు రగిలెను. వాయవ్యమున అబ్ఖాజులు, ఉత్తరమున దక్షిణ ఒసేతియా సీమలోని ఒసేతులు, తమ జాతియు భాషయు వేఱనియు, జార్జియా యేలుబడిలో ఉండజాలమనియు పట్టుపట్టిరి. 1992-93 నాటి యుద్ధమున రెండు లక్షలకు పైగా జార్జియనులు అబ్ఖాజియా విడిచి కట్టుబట్టలతో తరలిపోయిరి. 2008 ఆగస్టులో మరల యుద్ధము. అయిదు దినములలో ముగిసినను, రష్యా సైన్యములు ఆ సీమలలో నిలిచిపోయినవి. ఆ నెల 26వ తేదీన రష్యా ఆ రెండింటిని స్వతంత్ర దేశములుగా గుర్తించెను. అట్లు గుర్తించిన యితర దేశములు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. దేశమున ఇంచుమించు అయిదవ వంతు నేల జార్జియా ప్రభుత్వపు చేతిలో లేదు.

ఖుర్వలేటి యను పల్లెను ముండ్లకంచె రెండుగా చీల్చినది. ఇట్టి కంచెలు పడిన చోట్ల రైతు తన తోటకు పోలేడు. పెద్దల సమాధులను దర్శింపలేడు. గీత దాటినచో నిర్బంధము. ఐరోపా సమాఖ్య 2008 అక్టోబరు నుండి నిరాయుధులైన పరిశీలకులను ఉంచినది గాని, వారికి కంచె కావలకు ప్రవేశము లేదు. కొలతకు వచ్చినవానిని పొలములో అడుగిడనీయకున్న తగవు తేలునా?

ఇరువదియేడు దేశముల ఆ సమాఖ్యలో చేరుటయే జార్జియనులలో పెక్కుమంది ఆశ. 2022 మార్చి 3న దరఖాస్తు పెట్టిరి. 2023 డిసెంబరు 14న అభ్యర్థి దేశమను హోదా లభించెను. పరాధీనమైన నేల గల దేశమును చేర్చుకొందురా యని మీరడుగవచ్చును. సైప్రస్ ద్వీపపు ఉత్తరభాగము 1974 నుండి టర్కీ సైన్యముల వశమున నున్నను, 2004లో ఆ దేశమును చేర్చుకొనిరి. కావున దారి మూసికొనిపోలేదు. కాని 2024లో జార్జియా ప్రభుత్వము విదేశీ ధనము పొందు సంఘములపై చేసిన చట్టముతో సమాఖ్య అడుగు నిలిపెను. ఆ యేటి నవంబరు 28న ప్రధానమంత్రి కోబాఖిద్జె, 2028 చివరి వఱకు ప్రవేశ సంప్రదింపుల ఊసెత్తబోమని ప్రకటించెను. రాజధాని తిబిలిసి వీథులలో ప్రజలు రాత్రులు జాగరము చేసి నిరసించిరి.

ఇంతవఱకు ఒక పక్షపు లెక్క. రెండవ పుటయు విప్పవలయును. 1992 అక్టోబరులో, సుఖుమి పట్టణము జార్జియా సేనల వశమున నుండగా, అబ్ఖాజుల ప్రాచీన పత్రములుంచిన భాండాగారమును, వారి భాషా చరిత్రల పరిశోధనాలయపు గ్రంథములును దగ్ధమయ్యెను. ఇల్లు కోల్పోయిన జార్జియను దుఃఖమెంత నిజమో, తన జాతి స్మృతి బూడిదయైన అబ్ఖాజుని దుఃఖమును అంత నిజము.

నా యనుభవమున హద్దురాయి పెఱికినవానికి దండన కలదు; రాయిని మరల పాతవచ్చును. పాతిన రాయి నిలుచుట మాత్రము ఇరుగుపొరుగుల నమ్మకముపై నుండును. భారతము చదివినవారికి ఇది క్రొత్త మాట కాదు. సమాఖ్యలో చేరినంతమాత్రమున పోయిన సీమలు తిరిగి రావు. కంచె కావలివారును తమ పేరు, తమ భాష, తమ పుస్తకములు క్షేమముగ నుండునని నమ్మిననాడే వచ్చును.

గ్రంథాలయము కాలిన చోట తగవు తీర్చుట యెంత కష్టమో ఈ కథ చెప్పుచున్నది. మన బీరువాలోని చెదలు పట్టిన పుస్తకమును కూడ జాగ్రత్తగా కాపాడుకొందము. సెలవు.