మెదడు తరంగాలు మతిమరుపును ముందే చెప్పగలవా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం మీద నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు అడగడానికి కారణం ఉంది. ఈమధ్య మన సభ్యులు కొందరు ‘బ్రెయిన్ మ్యాపింగ్’ చేయించుకుని, రంగురంగుల బొమ్మలున్న రిపోర్టులు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. నేను డాక్టరును కాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇ.ఇ.జి. టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయినవాణ్ణి. కొన్ని వేల తలలకు తీగలు అంటించాను కనుక ఆ గీతలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో కొంత తెలుసు. ఆ కొంతే మనవి చేస్తాను.

మెదడులో లక్షల కణాలు ఒకే లయలో పనిచేసినప్పుడు పుట్టే విద్యుత్తులో అతి స్వల్పభాగం పుర్రె దాటి నెత్తి చర్మం దాకా వస్తుంది. ఎంత స్వల్పమంటే, టార్చిలైటు బ్యాటరీ ఒకటిన్నర వోల్టు అనుకుంటే, ఇది అందులో సుమారు ముప్ఫై వేలో వంతు. అందుకే పరీక్షకు వచ్చేవారిని తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రమ్మంటాం. జర్మనీలో యేనా పట్టణంలోని హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి తల నుంచి ఈ తరంగాలను నమోదు చేశాడు. మళ్ళీ మళ్ళీ సరిచూసుకుని 1929లో ప్రకటించాడు. చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్ అనే నోబెల్ బహుమతి గ్రహీత తన తల మీదే పరీక్ష చేయించి చూపాక గాని లోకం ఒప్పుకోలేదు.

మెలకువగా ఉండి, కళ్ళు మూసుకుని తాపీగా కూర్చుంటే, తల వెనుక భాగంలో సెకనుకు 8 నుంచి 13 తరంగాలు వస్తాయి. వీటిని ఆల్ఫా అంటారు. కళ్ళు తెరవగానే అణిగిపోతాయి. అంతకంటే నెమ్మదివి, అంటే 4 నుంచి 8 లోపు ఉండేవి థీటా. 4 కంటే తక్కువైతే డెల్టా. వయసులో ఉన్నవారికి ఆల్ఫా సెకనుకు పది దాకా ఉంటుంది. పెద్దవయసులో కాస్త తగ్గవచ్చు గాని, మెలకువగా ఉన్న ఆరోగ్యవంతుడికి ఎనిమిది కంటే దిగకూడదు. మా రోజుల్లో కాగితం సెకనుకు మూడు సెంటీమీటర్ల చొప్పున నడిచేది. ఇరవై నిమిషాల పరీక్షకు 36 మీటర్లు, ఆరు చీరలు పరిచినంత పొడవు. దాని మీద స్కేలు పెట్టి తరంగాలు లెక్కపెట్టేవాళ్ళం.

అల్జైమర్స్ జబ్బు ముదిరేకొద్దీ ఈ లయ నెమ్మదిస్తుంది. ఆల్ఫా తగ్గుతుంది, థీటా పెరుగుతుంది, చివరికి డెల్టా వస్తుంది. ఇందులో వివాదం లేదు. జబ్బు బయటపడక ముందే ఈ నెమ్మది కనబడుతుందా అన్నదే ప్రశ్న.

న్యూయార్క్ విశ్వవిద్యాలయం వారు దీన్ని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. మరుపు వస్తోందని తమకు తామే అనుకుంటున్నా, పరీక్షల్లో మామూలుగానే ఉన్న 44 మంది వృద్ధులకు ఇ.ఇ.జి. తీశారు. తర్వాత ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పాటు వాళ్ళను గమనించారు. క్షీణించినవారికి మొదటి రోజు గీతల్లోనే థీటా ఎక్కువగా, సగటు లయ నెమ్మదిగా ఉంది. ఎవరు క్షీణిస్తారో ఆ గీతలను బట్టి సుమారు 90 శాతం సరిగ్గా విడదీయగలిగారు. చాలా మంచి పని, కాదనను. మన ఊళ్ళలో కరపత్రాల మీద కనిపించే ‘90 శాతం ఖచ్చితం’ అన్న మాట ఇలాంటి చోట్ల నుంచే దిగుమతి అవుతుంది.

ఇక్కడ జీవితమంతా లెక్కలు రాసినవారు చాలామంది ఉన్నారు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఏ ఇబ్బందీ లేని వెయ్యిమంది పెన్షనర్లకు ఈ పరీక్ష చేశామనుకోండి. వారిలో యాభైమందికి రాబోయే కాలంలో నిజంగా జబ్బు వస్తుందనుకుందాం. 90 శాతం సరైన పరీక్ష ఆ యాభైలో 45 మందిని పట్టుకుంటుంది. బాగానే ఉంది. మిగిలిన 950 మందిలో పదోవంతు, అంటే 95 మందిని కూడా పొరపాటున పట్టుకుంటుంది. మొత్తం 140 మంది చేతికి చెడ్డ రిపోర్టు వస్తే, అందులో 95 మందికి ఏ జబ్బూ రాదు. న్యూయార్క్‌లో చూసినది మరుపు భయంతో వచ్చిన కొద్దిమందిని. దారిన పోయేవారిని పిలిచి చేస్తే అదే పరీక్ష ఇలా తయారవుతుంది.

ఇంకొక సంగతి టెక్నీషియన్లకు బాగా తెలుసు. కునుకు పడితే ఆల్ఫా పోయి థీటా వస్తుంది. భోజనం చేసి వచ్చిన పెద్దాయనను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని ఫ్యాను వేస్తే ఐదు నిమిషాల్లో జోగుతారు. నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు, రక్తంలో చక్కెర పడిపోవడం కూడా గీతలను మార్చేస్తాయి. అందుకే మేం పక్కనే కూర్చుని, ‘అయ్యా, కళ్ళు తెరవండి, ఇప్పుడు మూయండి’ అని మధ్యమధ్య పలకరించేవాళ్ళం. రంగుల బొమ్మ తయారుచేసే కంప్యూటరుకు ఆ పలకరింపు ఉండదు.

మన సభ్యుల్లో ఒకాయన ఉన్నారు. పేరు చెప్పను. అపార్టుమెంటులో పెట్టిన ఉచిత శిబిరంలో పరీక్ష చేసి, ‘థీటా అధికం, మతిమరుపు జబ్బుకు అవకాశం’ అని రాసిచ్చారు. వారం తిరగకుండా ఇంట్లోవాళ్ళు ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు తీసేసుకున్నారు. ప్రేమతోనే లెండి. ఆయన కూడా భయపడి సాయంత్రం పేకాటకు రావడం మానేశారు. ముక్కలు మరిచిపోతే నలుగురూ చూస్తారని. పెన్ డ్రైవులో ఉన్న అసలు గీతలు తెప్పించి చూశాను. సగానికి పైగా కునుకే. ఆ మధ్యాహ్నం జలుబు మాత్ర వేసుకున్నానని ఆయనే చెప్పారు. నా బలవంతం మీద నరాల డాక్టరు దగ్గరకు వెళ్ళి, పొద్దున పూట మళ్ళీ తీయించుకుంటే సెకనుకు తొమ్మిది వచ్చింది. జ్ఞాపకశక్తి పరీక్షల్లోనూ లోపం లేదన్నారు. ఇది జరిగి ఏడాదిన్నర. చెక్కుబుక్కు మాత్రం ఇంకా కొడుకు బీరువాలోనే ఉంది.

అలాగని ఇ.ఇ.జి. పనికిరానిదని కాదు. కాసేపు మతి పోయి, మళ్ళీ మామూలైపోతూ ఉంటే అది మూర్ఛ రకం కావచ్చు. అక్కడ ఈ పరీక్ష చాలా అవసరం. కొద్ది వారాల్లోనే మనిషి మారిపోయినా అంతే. నా సొంత అభిప్రాయం అడిగితే, ఒకరి గీతలను లోకంతో పోల్చడం కంటే వారి పాత గీతలతోనే పోల్చడం మేలు. ఒకరికి పుట్టుకతోనే తొమ్మిది ఉండవచ్చు. మరొకరికి పదకొండు నుంచి తొమ్మిదికి దిగి ఉండవచ్చు. రెండూ ఒకటి కావు.

సినిమా నటుడి పేరు నాలుక చివర ఆగిపోవడం గురించి బెంగ వద్దు. రోజూ వెళ్ళే వీధిలో దారి తప్పినా, ఏళ్ళ తరబడి చేసిన లెక్క తెగకపోయినా, అడిగిందే పదిసార్లు అడుగుతున్నా డాక్టరుకు చూపించాలి. ఇది సాధారణంగా మనకంటే ఇంట్లోవాళ్ళకే ముందు తెలుస్తుంది. బి-12, థైరాయిడ్, చెవుడు, దిగులు, వాడుతున్న మాత్రలు ముందు చూస్తారు. వీటిలో చాలావాటికి మందు ఉంది. తెలుగువారికి అనువుగా మలచిన జ్ఞాపకశక్తి పరీక్షలు హైదరాబాదు నిమ్స్‌లో ఉన్నాయి. అమెరికాలో 2025 మే నెలలో అల్జైమర్స్‌కు ఒక రక్తపరీక్షను అనుమతించారు. అది కూడా లక్షణాలున్న 55 ఏళ్ళు పైబడినవారికే గాని, అందరికీ కాదు.

నామినేషన్లు, జాయింటు ఖాతా, వీలునామా వంటివి ఏ రిపోర్టు కోసమూ ఎదురుచూడకుండా ఎవరికి వారు కూర్చుని రాసుకోవచ్చు. ఆ ఫారాలు కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి.

రిపోర్టులు తెచ్చినవారు భోజనాల తర్వాత నా దగ్గరకు రండి. రంగుల బొమ్మ ఒక్కటే కాదు, అసలు గీతలు కూడా ఉంటే తీసుకురండి.