కబాబులో బొప్పాయి, పుండు మీద బొప్పాయి



బక్రీదు నాడు కబాబుల మాంసానికి పచ్చి బొప్పాయి నూరి పట్టించడం మన ఇళ్లలో కొత్త కాదు. గట్టి ముక్క కూడా మెత్తబడుతుంది. ఎక్కువసేపు ఉంచితే మాత్రం పిండిపిండి అయి సీకుకు నిలవదు. ఈ సంగతి ఆడవాళ్లకు మాకంటే బాగా తెలుసు. ఆ పని చేసేది బొప్పాయి పాలలో ఉండే పపైన్ అనే ఎంజైము. మాంసకృత్తులను అది తెంచుతుంది.

వైద్యులు ఈ గుణాన్నే పుండ్లకు వాడుకున్నారు. మానని పుండులో చచ్చిన కండ పచ్చగానో నల్లగానో అంటుకొని ఉంటుంది. అది పోనిదే కొత్త కండ సరిగా రాదు. కత్తితో తీసివేయడం త్వరగా అయ్యే పని. అది కుదరనిచోట కరిగించే మలాము రాస్తారు. పపైన్‌తో చేసిన మలాములు కొందరికి తీవ్రమైన ఎలర్జీ కలిగించినందున అమెరికా ప్రభుత్వం 2008లో వాటి అమ్మకం ఆపించింది. కొల్లాజినేజ్ అనేది ఇంకొకటి. చచ్చిన కండను పుండు అడుగున పట్టి ఉంచే కొల్లాజిన్ దారాలను ఇది తెంచుతుంది. దీనిని తీసేది క్లోస్ట్రీడియం అనే సూక్ష్మజీవి నుండి. గుండె రక్తనాళంలో గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ కూడా సూక్ష్మజీవి నుండి వచ్చినదే. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్ కంపెనీలు దానిని జన్యు పద్ధతిలో తయారు చేశాయి.

ఇక మేము చెప్పదలచిన అసలు మాట. మా వాడకట్టులో ఒక పెద్దమ్మకు చాలా ఏండ్లుగా షుగరు. ఎండకు కాలిన బండల మీద ఉత్త కాళ్లతో నడిచింది, స్పర్శ లేదు కాబట్టి కాలినట్టే తెలియలేదు. బొబ్బ పుండయింది. మాంసాన్ని కరిగించేది చెడు కండను కరిగించదా అని కొడుకు పచ్చి బొప్పాయి నూరి కట్టు కట్టాడు. మేమూ చూశాము, వద్దనలేదు. పైగా మంచి ఉపాయమే అనుకున్నాము! తొమ్మిది రోజులకు చుట్టూ చర్మం పుండుబారింది, వాసన వచ్చింది, జ్వరం వచ్చింది. అప్పుడు వరంగల్లు పరుగెత్తినం. రెండు వేళ్లు తీసేసిండ్రు, పాదం దక్కింది.

బొప్పాయి ఒక్కటే చేసిన కీడని డాక్టరుగారు అనలేదు. లోపల చీము పట్టింది, ఆ తొమ్మిది రోజులే అసలు నష్టం అన్నారు. గాంబియా దేశపు ఆసుపత్రిలో పిల్లల కాలిన గాయాలకు బొప్పాయి గుజ్జు వాడారు కదా అని చదువుకున్న కుర్రవాడొకడు మమ్మల్ని అడిగినాడు. వాడారు, నిజమే. కాని అక్కడ రోజూ కట్టు విప్పి చూసే ఆసుపత్రి మనుషులున్నారు. మనకు ఇంట్లో ఎవరున్నారు?

డాక్టరు రాసిన మలామైనా కాలికి రక్తం అందకపోతే పుండును మాన్పలేదు. ముందు పాదంలో నాడి చూపించుకోవాలి. మలాము రాసినచోట సొంతంగా హైడ్రోజన్ పెరాక్సైడు పోస్తే పపైన్ పని చెడుతుంది, వెండి కలిసిన కాలిన గాయాల మందు పూస్తే కొల్లాజినేజ్ పని చెడుతుంది. ఏది రాస్తున్నామో డాక్టరుకు చెప్పి రాయండి. నల్లబడటం, వాసన, పైకి పాకే ఎరుపు, జ్వరం వీటిలో ఏది కనిపించినా నర్సంపేటలో ఆగకండి, అదే రోజు బయలుదేరండి. వుజూలో కాళ్లు కడిగేటప్పుడు వేళ్ల సందులు చూసుకొని తడి తుడుచుకుంటే చాలా పుండ్లు మొదట్లోనే దొరుకుతాయి. ఎండాకాలం మసీదు బండల మీద చాపలు పరిపించమని కమిటీవారికి మనవి చేశాము.

ఆ పెద్దమ్మ ఇప్పుడు ఇంట్లో కూడా చెప్పులు వేసుకుంటున్నది. మగ్రిబ్ తరువాత మనవడు టార్చి వేసి నానమ్మ పాదాలు చూస్తాడు, ఆమె చక్కిలిగింతలు లేవురా అంటుంది.