చివర నడిచేవారి అడుగు

నేటి ధ్యానము కొరకు ఆదికాండము 33వ అధ్యాయము 13, 14 వచనములు చూడండి. ఏశావు నాలుగు వందల మందితో ఎదురు వచ్చి, కలిసి ప్రయాణము చేద్దామని తన తమ్ముణ్ణి పిలిచాడు. యాకోబు ఒప్పుకోలేదు. తన పిల్లలు పసివారనీ, పాలిచ్చే పశువులున్నాయనీ, ఒక్కరోజు తొందరపెట్టినా మంద చస్తుందనీ చెప్పాడు. వాటి నడకనుబట్టే మెల్లగా వస్తానన్నాడు.

చలికాలము వచ్చిందంటే మన ప్రాంతపు యౌవనస్థులు గుంపులుగా గండికోటకు వెళ్తుంటారు. ఎండాకాలములో ఆ బండల మీద కాలు పెట్టలేము. ఎఱ్ఱమల కొండలను పెన్నానది చీల్చుకొని పారిన గండి అది. దాని లోతు సుమారు 300 అడుగులు. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, కొండ మీదికి ఒకటే దారి ఉన్నదనీ, అది కొన్నిచోట్ల చాలా ఇరుకనీ వ్రాశాడు. నేడు కోట దాకా రోడ్డున్నది గాని, కోట దాటి లోయ అంచుకు వెళ్లాలంటే బండలు ఎక్కుతూ దిగుతూ నడవవలసిందే.

ఇటువంటి చోట ముప్పై మంది బయలుదేరితే ఏమి జరుగుతుంది? కాళ్లలో బలమున్నవారు ముందుకు ఉరుకుతారు. ఆయాసమున్నవారు, మోకాళ్ల నొప్పులవారు వెనుకబడతారు. ముందువారు ఒక బండ మీద కూర్చొని, నీళ్లు త్రాగి, అలసట తీర్చుకుంటారు. వెనుకవారు రొప్పుకుంటూ వచ్చీ రాగానే, "ఇక లేవండి, పొద్దు పోతుంది" అంటారు. చూశారా! విశ్రాంతి ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది దొరకదు. డిసెంబరులో ఆరు గంటలలోపే సూర్యుడు అస్తమిస్తాడు. ఆ చీకటిలో లోయ అంచున దారి తప్పేది ఎవరు? చివరివాడే. అందుకే కొండలు తెలిసినవారు మెల్లగా నడిచేవారిని ముందుంచి, బలవంతుణ్ణి చివర నడిపిస్తారు. మలుపు మలుపుకు తలలు లెక్కపెడతారు.

సహోదరీ సహోదరులారా, అమాలేకీయులు ఇశ్రాయేలీయులను ఎక్కడ కొట్టారు? ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము 17, 18 వచనములు చదవండి. అలసి సొలసి వెనుకబడిన బలహీనులను కొట్టారు. శత్రువుకు తెలుసు, గుంపు చివర కాపు ఉండదని.

మన ప్రభువు చేసినది చూడండి. యెరికో నుండి యెరూషలేముకు ప్రయాణమంటే సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఆయన వెళ్లుచున్నది సిలువకు. అంతకంటె గొప్ప పని ఏమున్నది? అయినను త్రోవప్రక్క ఒక గ్రుడ్డివాడు కేకలు వేస్తే ప్రజలు వానిని గద్దించారు, ప్రభువైతే ఆగాడు. మార్కు సువార్త 10వ అధ్యాయము ఆ సంగతి చెబుతున్నది. బర్తిమయి ఆ త్రోవలోనే ఆయనను వెంబడించాడు. ఆగినందున ప్రయాణము చెడలేదు, గుంపులో ఒకడు పెరిగాడు.

మన సంఘములో చివర నడిచేవారు ఎవరు? పాట వేగము అందుకోలేని ముసలితల్లి. పరీక్ష తప్పి, ముఖము చూపలేక ఆరాధన మానిన కుమారుడు. పంట పోయి, కానుక వేయలేనన్న సిగ్గుతో గుమ్మము దగ్గరే ఆగిన రైతు. 2020లో గండికోట జలాశయము నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ప్రజలు ఇండ్లు విడిచి వేరే చోట్లకు వెళ్లవలసి వచ్చింది. అట్లు చెదరిన కుటుంబము ఒకటి మీ వీధికి వచ్చి ఉంటే, ఆదివారము ఎక్కడ ఆరాధిస్తున్నారని ఎవరైనా అడిగారా?

యాకోబు ఆ మాట అన్ననాటికి తానే కుంటుతున్నాడని మరువకండి. పెనూయేలు దగ్గర దేవునితో పెనుగులాడిన తరువాత అతడు కుంటుచు నడిచాడు. కుంటినవాడే పసిపిల్లల నడక ఎరిగినవాడయ్యాడు.

ఈ వారము ఒక పని చేయండి. కొన్నాళ్లుగా గుడిలో కనబడని ఒక్కరి పేరు వ్రాసుకోండి. వారి ఇంటికి వెళ్లండి. "ఎందుకు రావడం లేదు?" అని నిలదీయక, వారి ప్రక్కన కూర్చోండి. వారికి కొంత విశ్రాంతి దొరకనియ్యండి. ఆ తరువాత, వారి అడుగును బట్టి కలిసి నడవండి.

ప్రార్థన చేద్దాము. మంచి కాపరివైన ప్రభువా, వెనుకబడిన మాకొరకు నీవు ఆగినావు. మేమును ఇతరుల కొరకు ఆగునట్లు మాకు ఓర్పు దయచేయుము. ఆమేన్.